ఎవరూ పిలవని బంద్

"తొంభైనాలుగు ఉందాండీ?"

వానలో తడిసి ముద్దయి లోపలికొచ్చిన మనిషి మొదటి మాట అది. నమస్కారం లేదు, పేరు లేదు. చేతిలో గొడుగు కమ్మి విరిగి ఓ పక్కకి వేలాడుతోంది. నీళ్లన్నీ అప్పుడే తుడిచిన గచ్చు మీద కారుతున్నాయి.

ఇందుమతికి ఒళ్లు మండింది.

"ఇక్కడ రెండొందలనలభై ఉంటుంది, మూడొందలిరవై ఉంటుంది. తొంభైనాలుగు రకం పలాసలో ఎక్కడా దొరకదు."

అది జీడిపప్పు వ్యాపారుల సంఘం ఆఫీసు మరి, ఇందుమతి అక్కడ గుమాస్తా. అక్కడికొచ్చి ఎవరు అంకె చెప్పినా అది గింజ సైజు గురించే.

"పప్పు కాదండీ, సంవత్సరం! తొంభైనాలుగో సంవత్సరం పేపర్లు. మీ రీడింగ్ రూంలో పాత పేపర్లన్నీ కట్టలు కట్టి ఉంచుతారని చెప్పారు."

"ఉంచుతాం. ఆ ఏడాది కట్ట నిన్న సాయంత్రం దాకా ఉంది."

"నిన్న?"

"చెద పట్టిందని మా సెక్రెటరీగారు తీసెయ్యమన్నారు. ఎదురుగా పోలమ్మ బజ్జీల బండికి ఇచ్చేశాం."

అతని మొహం చూస్తే ఎవరో దగ్గరివాళ్లు పోయిన కబురు విన్నట్టుంది.

"అందులో ఏడాది గొడవలున్నాయండీ" అన్నాడు.

"గొడవలకేం, ఏ నెలకా నెల కొత్తవి వస్తూనే ఉంటాయి. పాతవెందుకు?"

అతను విరిగిన గొడుగుతోనే మళ్లీ వానలోకి పరుగెత్తాడు. ఇందుమతి కిటికీలోంచి చూసింది. పోలమ్మ బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు కొన్నాడు. పొట్లం విప్పాడు. బజ్జీలు ఓ చేత్తో నోట్లో కుక్కుకుంటూ, నూనె కారుతున్న కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చదివాడు. మళ్లీ ఇంకో పొట్లం కొన్నాడు.

"బాబూ, బజ్జీ తినాల గానీ కాయితం నాకకూడదు" అని పోలమ్మ అనడం ఇక్కడికి వినిపించింది.

ఇందుమతి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ఆఫీసులో ఆమె నవ్వి చాలా రోజులైంది.

రెండు రోజులు అలాగే బజ్జీలు తిన్నాడు. ఆ మర్నాడు కనిపించలేదు. ఆ పైన కడుపు పట్టుకుని వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. అప్పటికి రీడింగ్ రూం టేబుల్ మీద చెదపట్టిన కట్ట, ఇంకా పొట్లాలు కాకుండా మిగిలినంత మేర, తాడుతో కట్టి ఉంది.

"ఇదెలా వచ్చింది?"

"పోలమ్మకి ఈ నెల పేపర్లిచ్చి ఆ ఏడాదివి తెచ్చాను. కాగితానికి కాగితం. ఆవిడకేం?"

"ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చు కదండీ!"

"మీరు నన్నడగలేదు. ఆవిణ్ణి బజ్జీలడిగారు."

అతను కోపంగా లేవబోయాడు. కడుపులో మెలిపెట్టింది కాబోలు, "ఓలమ్మా, సచ్చిపోతన్నాను" అంటూ మళ్లీ కూర్చున్నాడు.

ఇందుమతి కళ్లు పెద్దవయ్యాయి. "ఏ ఊరండీ మీది?"

"...కంచిలి దగ్గర."

"అయితే ఇన్నాళ్లూ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడారేటి?"

"విశాఖపట్నంలో చదువుకున్నానండీ. నోరు తెరిస్తే అందరూ నవ్వేవాళ్లు. అలవాటైపోయింది."

"ఇక్కడెవరూ నవ్వరు" అంది ఇందుమతి, నవ్వుతూనే. కుండలోంచి మజ్జిగ వంచి ఇచ్చింది.

అతని పేరు బైరాగి. స్టాటిస్టిక్స్‌లో రీసెర్చ్. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో పదేళ్లుగా జరిగిన బందులు, రాస్తారోకోలు, సమ్మెలు, పార్టీల కొట్లాటలు అన్నీ వారం వారీగా లెక్కపెట్టి, రాబోయే వారాల్లో ఎప్పుడు ఎంత గొడవ జరుగుతుందో ముందే చెప్పగలమా అన్నది అతని పరిశోధన. అది 2002వ సంవత్సరం. సంఘం ఆఫీసులో ఒక కంప్యూటరు ఉండేది. సాయంత్రం సరుకు లెక్కలయ్యాక దాన్ని అతనికి వాడుకోనిచ్చేవారు. ఉండడానికి రూమూ సెక్రెటరీగారే ఇప్పించారు.

వానాకాలమంతా ఇద్దరూ పేపర్లు తిరగేశారు. అది ఇందుమతి పని కాదు. అయినా ఆరింటికి ఇంటికెళ్లి చేసేదేమీ లేదు. ఇంట్లో పెద్దమ్మ బొడ్డమ్మ ఉంటుంది. దీపం పెట్టాక ఆవిడ నిద్రపోతుంది. ఆ తర్వాత కాశీబుగ్గలో ఆ ఇంటికి వినిపించేవి రైళ్లే.

రైల్వే స్టేషనున్న ఊళ్లో పెరగడం అంత మంచిది కాదు. హౌరా నుంచి మద్రాసుకీ, మద్రాసు నుంచి హౌరాకీ పోయే ప్రతి బండీ ఎవరినో ఒకరిని పట్టుకుపోతున్నట్టే ఉంటుంది. ఇందుమతి నాన్న పారాదీప్ పోర్టులో పనికని అలాంటి బండే ఎక్కాడు. మొదట మనియార్డర్లొచ్చాయి, తర్వాత కార్డు ముక్కలొచ్చాయి, ఆ పైన ఏమీ రాలేదు. అమ్మ కిడ్నీ జబ్బుతో పోయింది. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్న యామిని పెళ్లి చేసుకుని సూరత్ వెళ్లిపోయింది. ఇందుమతికి ఇరవైఎనిమిది నిండాయి. ఎవరు కొత్తగా పరిచయమైనా, వాళ్లు వెళ్లిపోయే రోజు ఎలా ఉంటుందో ముందే ఊహించుకోవడం ఆమెకు ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

బైరాగి విషయంలోనూ అదే చేసింది. వచ్చేవి రెండు సంచులు, ఒక గొడుగు. పోయేవీ అవే. ఏడాది పట్టొచ్చు. అంతకన్నా పట్టదు.

కానీ ఆ ఏడాది బాగుంది.

"ఇది బందులో వెయ్యాలా, సమ్మెలో వెయ్యాలా?" అనేవాడు బైరాగి.

"ఏముంది అందులో?"

"'కాశీబుగ్గలో బంద్ సంపూర్ణం, షాపులన్నీ మూసివేత.'"

"అబద్ధం. ఆ రోజు మా పెద్దమ్మకి చీర కొన్నాను."

"బంద్ రోజా?"

"ముందు షట్టరు సగం దింపి ఉంచుతారు. వెనక తలుపు తీసే ఉంటుంది. ఫ్యాక్టరీల్లోనూ అంతే. గేటుకి తాళం, లోపల ఆడవాళ్లు పప్పు వలుస్తూనే ఉంటారు. పేపరువాడు ముందునుంచి చూసి రాసేస్తాడు."

బైరాగి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయితే దీన్ని అర బంద్ అని వెయ్యాలి."

"పావు వెయ్యండి. చీర మంచిదే దొరికింది."

ఒక రోజు అతను తెర మీద గీత చూపించాడు. లేచి పడి, పడి లేచి, ఈ చివరనుంచి ఆ చివరకు పోయే సన్నని గీత.

"వారానికో చుక్క. చుక్కలన్నీ కలిపితే ఇది. ఇందులో మూడు కలిసుంటాయి. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూనో తగ్గుతూనో పోయేది ఒకటి. ఏటా అదే కాలానికి తిరిగొచ్చేది ఇంకొకటి, ఎలక్షన్లప్పుడు, జీడిపిక్కల రేటు పడ్డప్పుడు అలాగ. ఆ రెండూ తీసేశాక మిగిలేది మూడోది."

"అదేటి?"

"తెలీదు. తెలీనిదాన్ని మేం ఎర్రర్ అంటాం."

"తెలీకపోతే మీ తప్పు గానీ దాని తప్పేటండీ?"

అతను ఆమెను అలా చూస్తూ ఉండిపోయాడు. బయట వాన పెంకుల మీద దబదబా కొడుతోంది. ఇందుమతే ముందు చూపు తిప్పుకుంది.

"ఇంకో సంగతుంది" అన్నాడు. "ఇవాళ జరిగినదాని ఫలితం ఇవాళే కనిపించదు. కొన్ని వారాలు ఆగి కనిపిస్తుంది. దాన్ని లాగ్ అంటాం."

"మా పెద్దమ్మకి లాగ్ ముప్పై ఏళ్లు. ఆవిడ పెళ్లిలో కూర తక్కువ వడ్డించినవాళ్లని మొన్న తిట్టింది."

"మీకెంత?"

"నాకు కోపమే రాదండీ."

"కోపం గురించి కాదు" అన్నాడు బైరాగి. అని, వెంటనే కంప్యూటరు వైపు తిరిగి ఏదో కొట్టసాగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రాత్రి ఇందుమతికి మద్రాసు మెయిలు పోయినా నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరిలో లెక్క తయారైంది. ప్రింటరు కరకరమంటూ పొడుగాటి కాగితం కక్కింది. ఆ నెల మూడో వారం ఎదురుగా ఒక మాట: పలాసలో బంద్ జరిగే అవకాశం నూటికి డెబ్బై.

ఆ కాగితం చించి తీసింది బైరాగి కాదు. సంఘం సెక్రెటరీ తిరుపతిరావు. ఆయన కళ్లజోడు పైకెత్తి రెండుసార్లు చదివాడు.

"ఏటి బాబూ ఇది? మూడో వారం బందా?"

"అవకాశం ఉందండీ, అంతే. జరగకపోవచ్చు కూడా."

"పదేళ్ల పేపర్లు సదివి కంప్యూటరు సెప్పింది కదా? సాలు బాబూ. మరి మీరేటీ సెప్పొద్దు."

"అయ్యో, అది జాతకం కాదండీ..."

తిరుపతిరావు అప్పటికే ఫోను తిప్పుతున్నాడు.

ఆయన చెప్పింది నలుగురికి. నలుగురూ ఊరంతటికీ చెప్పారు. మూడో వారం బందు, సోమవారం మొదలు. సోమవారమని ఎవరన్నారో ఎవరికీ తెలీదు. పప్పు లారీలన్నీ శనివారమే బరంపురం దాటిపోయాయి. లారీలు లేవు గనక సోమవారం పనికి రావద్దని ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకి చెప్పారు. వాళ్లు రాకపోతే ఆటోలకి బేరం లేదు, ఆటోవాళ్లు ఊళ్లకి పోయారు. ఆటోలు లేవని హోటలువాళ్లు పిండి నానెయ్యలేదు.

సోమవారం పొద్దున్న పలాస, కాశీబుగ్గ రెండూ మూతపడ్డాయి. ఈసారి వెనక తలుపులు కూడా.

మూడు రోడ్ల జంక్షనులో పోలీసులు వ్యానుతో సహా వచ్చి నిలబడ్డారు. ఆపడానికి ఒక్కడూ లేడు. ఒక పార్టీ ఆఫీసులో "ఎవుడు పిలిచాడ్రా?" అని కేకలు. ఎదురు పార్టీ ఆఫీసులోనూ అవే కేకలు. మధ్యాహ్నానికి రెండు పార్టీలూ వేరువేరుగా పేపర్లకి ప్రకటనలిచ్చాయి. తమ పిలుపునందుకుని బందును జయప్రదం చేసిన ప్రజలకు ధన్యవాదాలట.

ఆ ఖాళీ రోడ్డు మీద, ఎప్పుడూ సైకిలు కూడా దూరని ఆ బజారు మధ్యలో, ఇందుమతీ బైరాగీ నడిచారు. షట్టర్ల వరసలో వాళ్ల అడుగుల చప్పుడే వాళ్లకు వినిపిస్తోంది.

"నేనే చేశాను ఇదంతా" అన్నాడు బైరాగి.

"మీరేం చేశారు? కాగితం మీద అంకె వేశారు. షట్టర్లు మీరు దింపారా?"

"దింపలేదు. కానీ ఆ అంకె లేకపోతే ఇవాళ ఊరు తెరిచే ఉండేది. ఇప్పుడు దీన్ని లెక్కలో వెయ్యాలా వద్దా? వెయ్యకపోతే జరిగింది దాచినట్టు. వేస్తే నేను చెప్పిందే జరిగిందని చంకలు గుద్దుకున్నట్టు."

"అలాగే రాయండి. ఎవరూ పిలవలేదు, అందరూ మూసేశారు అని."

అతను ఆగిపోయాడు. ఎండ నెత్తిమీద ఉంది. ఎక్కడా పిట్ట కూడా లేదు.

"ఇందుమతిగారూ, నేనొకటి..."

ఆమెకు భయం వేసింది. అతను ఏమంటాడో ఆమెకు తెలుసు. ఆ తర్వాత ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు. సంచులు, గొడుగు, ప్లాట్‌ఫాం.

"అదిగో, రైలు కూత. బంద్ అయినా రైళ్లు ఆగలేదు చూశారా?" అంది గబగబా. "పెద్దమ్మ ఒక్కతే ఉంది. వస్తానండీ."

బైరాగి తన రిపోర్టులో అలాగే రాశాడు. ఎవరూ పిలవలేదు, ముందే చెప్పడం వల్లే జరిగింది అని. అతని ప్రొఫెసరు ఎస్.టి.డి.లో కేకలేశాడు. చెప్పింది జరిగితే జరిగిందని రాసుకోవాలి గానీ ఈ సంజాయిషీ ఎందుకన్నాడు. అయితే ఆ రిపోర్టు కలకత్తాకీ చేరింది, అక్కడెవరికో ఆ సంజాయిషీయే నచ్చింది. ఇలాంటి లెక్కలే కట్టే సంస్థ ఒకటి అతన్ని ఉద్యోగానికి రమ్మంది.

ఆ కబురు తెచ్చిన రోజు అతను ఆఫీసు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.

"కలకత్తా నుంచి పిలుపొచ్చిందండీ. ఏం చెయ్యాలో..."

"కంగ్రాట్స్! ఎప్పుడెళ్తున్నారు?"

"అదే, మీతో..."

"మంచి ఉద్యోగం. వదులుకోకూడదు. కంప్యూటరులో మీ ఫైళ్లన్నీ సీడీలో ఎక్కించి ఇస్తాను. రూము అడ్వాన్సు సంగతి తిరుపతిరావుగారికి నేను చెప్తాను."

"మీరేం అనుకుంటున్నారు?" అన్నాడు చివరికి.

"నేనా? నాకూ టెక్కలి సంబంధం ఒకటి చూస్తున్నారు. వేసవిలో కుదిరిపోవచ్చు."

టెక్కలి సంబంధం లేదు. ఏ సంబంధమూ లేదు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో!

"అలాగా" అన్నాడు బైరాగి.

తర్వాతి రోజుల్లో అతను వచ్చే వేళకు ఇందుమతి బ్యాంకు పనికి బయల్దేరేది. అతని కోసం వేరే ఉంచిన గ్లాసు కడిగి లోపల పెట్టేసింది. ఏప్రిల్లో అతను పలాస రూము ఖాళీ చేశాడు. టెక్కలిలో ఒక ముసలి ప్లీడరుగారింట్లో ఇంకొన్ని పాత పేపర్లున్నాయని, అవి చూసుకుని అటునుంచటే పలాస వచ్చి హౌరా బండి ఎక్కుతానని తిరుపతిరావుతో చెప్పి వెళ్లాడు.

సాయంత్రాలు మళ్లీ వెనకటిలా అయ్యాయి. ఆరు, ఏడు, ఎనిమిది. దీపం, పెద్దమ్మ గురక, రైలు. ఇంతకుముందు ఆ నిశ్శబ్దం ఆమెకు అలవాటే. ఇప్పుడు చెవుల్లో పోటు పెట్టినట్టుంది. పేపరు తెరిస్తే, ఎక్కడో రాస్తారోకో అని ఉంటే, "ఇది అర వెయ్యాలా, పావా?" అని అడగడానికి తల పక్కకు తిరిగేది.

అతను వెళ్లాల్సిన రోజు రానే వచ్చింది. ఇందుమతి ఆఫీసుకి వెళ్లలేదు. పొద్దుటినుంచీ అటకమీది ఇత్తడి సామాన్లు దింపి చింతపండుతో తోముతోంది. బొడ్డమ్మ గుమ్మంలో కూర్చుని చూసి చూసి, ఇక ఊరుకోలేకపోయింది.

"ఓలి ఇందూ, ఆ బాబు ఇయ్యాలేటి ఎల్తన్నాడు?"

"అవును పెద్దమ్మా."

"ఎల్తానని నీతో సెప్పాడా?"

"ఉద్యోగం వచ్చింది. వెళ్లకేం చేస్తారు?"

"నానడిగింది అది కాదే. ఆడి నోటితో ఆడు ఎల్తానన్నాడా?"

ఇందుమతి చెంబు తోమడం ఆపింది. వెనక్కి వెళ్లి ఒక్కొక్క మాటా తీసి చూసుకుంది. ఏం చెయ్యాలో అన్నాడు. మీతో అన్నాడు. మీరేం అనుకుంటున్నారు అన్నాడు. వెళ్తాను అన్న మాట అందులో లేదు. ఆ మాట ఆమెదే.

"అనలేదు."

"ఉండమని నువ్వన్నావా?"

"నేనెవర్ని పెద్దమ్మా అనడానికి?"

"మరెవులన్నారే? మొన్న బజారు మూసీసినట్టు మూసీసుకుని కూకున్నారు ఇద్దరూ. పిలిసినోడు లేడు." బొడ్డమ్మ గొంతు తగ్గించింది. "మీ నాన్న ఎల్లిననాడు మీ యమ్మా ఇలగే సేసింది. సంచీ సర్దీసింది, దారికి పులిహోర కట్టీసింది. ఆడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు సాలాసేపు. ఉండిపో అంటే ఉండునో లేదో, నాకేటి తెలుసు? ఆయమ్మ అడగలేదు మరి."

ఇందుమతి చింతపండు చేతులతోనే లేచింది.

"బండి సాయంత్రం కదే, టేసనుకి ఇప్పుడేటి?"

"స్టేషనుకి కాదు. టెక్కలి వెళ్తున్నాను. ప్లాట్‌ఫాం మీద నా నోరు పెగలదు పెద్దమ్మా. అక్కడ చెయ్యి ఊపడం తప్ప నాకింకేం రాదు."

"సేతులు కడుక్కోయే!" అని బొడ్డమ్మ అరుస్తూనే ఉంది.

బస్సు నందిగాం దాకా బాగానే వెళ్లింది. అక్కడ ఆగింది. ముందు లారీలు, వాటి ముందు లారీలు, కనుచూపు మేర. కండక్టరు దిగి చూసొచ్చి, "ఆడాళ్లు రోడ్డు మీద కూకున్నారమ్మా. నీళ్లు లేవంట. ఇప్పుడప్పుడే లెగరు. తొందరున్నోలు దిగి నడిసెల్లి అవతల బస్సెక్కీయండి" అన్నాడు.

ఇందుమతి దిగింది. ఎండకి తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. లారీల పక్కనుంచి నడిచి ముందుకెళ్లింది. రోడ్డుకడ్డంగా ఖాళీ బిందెల వరస. దాని వెనక కొంగులు నెత్తిన కప్పుకుని యాభై మందికి పైగా ఆడవాళ్లు. వాళ్ల మధ్యనుంచి ఒక మగ గొంతు.

"ఎప్పట్నుంచి కూర్చున్నారమ్మా? ఎంతమంది ఉంటారు?"

"లెక్కెట్టి ఏటి సేత్తావు బాబూ, నీళ్లు తెత్తావా? పేపరోడివా?"

"కాదమ్మా. ఊరికే... అలవాటు."

ఇందుమతి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అవతలి బస్సులోంచి దిగినట్టున్నాడు. భుజానికి ఒక సంచీ, కాళ్ల దగ్గర ఇంకొకటి, చేతిలో కలం. తలెత్తి ఆమెను చూశాడు. కలం కదలడం మానేసింది.

"మీరిక్కడ?"

"టెక్కలి వెళ్తున్నాను."

"...సంబంధం వాళ్ల ఊరికా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంటిదగ్గర్నుంచి కూడబలుక్కుంటూ వచ్చిన మాటలన్నీ ఏమయ్యాయో.

బైరాగి వాచీ చూసుకున్నాడు. "నడిచి అటు దాటితే పలాసకి ఆటో దొరుకుతుందనుకుంటాను. లేకపోతే బండి అందదు."

అటువైపు ఆటోలున్నాయి. ఇందుమతి చూసే వచ్చింది. 'పదండి, నేను మాట్లాడి పెడతాను, జాగ్రత్తగా వెళ్లండి' అన్న మాట పళ్ల దాకా వచ్చేసింది. ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో! పుట్టిన దగ్గర్నుంచీ అదొక్కటే నేర్చుకున్నట్టు.

పళ్లు బిగించింది. బిందెల వరసలో ఉన్న సందులో, ఆ వేడి తారు మీద, ఆడవాళ్ల పక్కన చతికిలబడి కూర్చుంది.

వరస మధ్యలో ఉన్న పెద్దావిడ, అందరూ నూకమ్మా నూకమ్మా అని పిలుస్తున్నావిడ, వింతగా చూసింది.

"ఏటమ్మా, నువ్వూ మా ఊరి కోడలివేటి? నానెరగనే!"

"కాదక్కా. మీది నీళ్ల గొడవ. నాది వేరే."

"నీదేటి?"

"ఈయన వెళ్లిపోతున్నారు."

"ఎవులు, ఈ లెక్కల బాబా? నీకేటవుతాడు?"

"అదే తేలలేదు."

ఆ చివరనుంచి ఈ చివరదాకా కొంగుల చాటున నవ్వులు పాకాయి. నూకమ్మ తన బిందె పక్కకి లాగింది.

"అయితే కూకో. తేలీదాకా కూకో. జరగండర్రా, సోటియ్యండి ఆయమ్మకి!"

బైరాగి సంచీ కింద పెట్టి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మొహమంతా చెమట.

"టెక్కలి సంబంధం?"

"లేదు. అబద్ధం చెప్పాను."

"ఎందుకండీ?"

"మీరు వెళ్లాక అలవాటు పడలేనేమోనని, వెళ్లకముందే మొదలుపెట్టాను."

"నేను వెళ్తానని ఎవరన్నారు మీతో?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. నాకు తెలిసినవాళ్లంతా వెళ్లారు కదా, మీరూ అంతే అనుకున్నాను."

"ఆ రోజు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూశానో తెలుసా? ఒక్క మాట అంటారేమోనని. మీరు రూము అడ్వాన్సు గురించి మాట్లాడారు!" అతను చెమట తుడుచుకున్నాడు. "వస్తానని వాళ్లకి రాసేశాను. ఇప్పుడేం చెయ్యమంటారు? ఉండిపోనా?"

"ఉండిపొమ్మనడానికి రాలేదు. ఉద్యోగం వదలొద్దు. కానీ..." ఇందుమతి కళ్లు తుడుచుకుంది. చేతికున్న చింతపండు కళ్లలో పడి భగ్గున మండాయి. "మా ఇంట్లో అందరూ చెప్పి వెళ్లినవాళ్లే. చెప్పేసి వెళ్లిపోతారు. అడిగి వెళ్లినవాళ్లు లేరు. మీరు నన్నడిగి వెళ్లండి. అంతే."

"ఏమని అడగమంటారు?"

"అదీ నేనే చెప్పాలా?"

నూకమ్మ విసుక్కుంది. "ఓరి బాబూ, ఇంత సదివినావు, అడగడానికేటి రోగం? మా మోకాళ్లు పీకేత్తన్నాయి ఇక్కడ!"

బైరాగి కలం జేబులో పెట్టాడు. విశాఖపట్నం, యూనివర్సిటీ, రేడియో గొంతు అన్నీ ఆ ఎండలో ఎక్కడో జారిపోయాయి.

"నాతోటి వచ్చీ ఇందూ. ఇయ్యాల కాపోతే నెల్లాళ్లకి. మా యమ్మని తీసుకుని మీ ఇంటికొత్తాను. ఇద్దరం కలిసెల్దాం."

ఎన్నో రాత్రులు ఇందుమతి ఎందరివో ప్రయాణాలు ఊహించింది. ఎవరు ఏ బండి ఎక్కుతారో, ఏ కిటికీలోంచి చూస్తారో అన్నీ ఊహించింది. ప్రతిదాంట్లోనూ ఆమె ప్లాట్‌ఫాం మీదే ఉంది. బండి లోపల, కిటికీ పక్కన, తను కూర్చుని ఉండటం ఒక్కసారీ తోచలేదు.

"పెద్దమ్మో?" అంది చివరికి, చిన్నపిల్లలా.

"ఆవిణ్ణీ తీసుకుపోదాం. కలకత్తాలో సేపలు బాగా దొరుకుతాయంట."

"అయితే ఆవిడ మనకన్నా ముందు ఎక్కి కూర్చుంటుంది."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ రెండూ కలిసి ఆమె తల వంచేసింది. బైరాగి తన సంచీ పక్కకి నెట్టి, ఆమె పక్కన తారు మీద కూర్చున్నాడు. అమ్మా అని ఒకసారి ఎగిరిపడ్డాడు వేడికి. ఆడవాళ్లంతా పకపక నవ్వారు. హౌరా బండి సంగతి ఎవరూ ఎత్తలేదు.

దూరంగా దుమ్ము లేచింది. జీపు వచ్చి ఆగింది. దిగిన అధికారి జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, చిరాకుగా ముందు వరస దగ్గరికొచ్చాడు. అక్కడ ముందుగా కనిపించింది ఇందుమతే.

"ఏమ్మా, నువ్వేనా వీళ్ల లీడరువి? చెప్పు, ఏమిటి మీ డిమాండు?"

ఇందుమతి మండుతున్న కళ్లతోనే తలెత్తింది.

"నాది తీరిపోయిందండీ" అంది. "వీళ్లది చూడండి."